ఆవ గట్టున ఒక ఉదయం

శుక్రవారం రాత్రి కుటుంబ ప్రార్థన ముగించుకుని పడుకోబోతున్నాం. మా పెరటి వెనక ఖాళీ స్థలంలోంచి ఒక తీతువు పిట్ట లేచి, అరుచుకుంటూ డాబా మీదుగా వెళ్ళిపోయింది. గోడకు చేరబడి కూర్చున్న మా అమ్మ ఉలిక్కిపడింది.

"రేపటి ప్రయాణం మానుకోండిరా నాయనా" అంది.

మా అమ్మ మూఢనమ్మకాలు పట్టుకుని తిరిగే మనిషి కాదు. అరవై ఏళ్ళుగా ఆదివారం గుడి మానింది లేదు. పిల్లి ఎదురైనా, ఎవరైనా తుమ్మినా లెక్కచేయదు. కాని తీతువు అరుపు వింటే మాత్రం ఆమె ముఖం మారిపోతుంది. ఏడేళ్ళ క్రితం మా నాన్నగారు గుండెపోటుతో ప్రభువు సన్నిధికి వెళ్ళిన రాత్రి ఆ పిట్ట మా ఇంటి మీద అరిచింది. ఆ అరుపు ఆమె మనసులో అలాగే ఉండిపోయింది. ఆమె నమ్మకాన్ని తప్పుపట్టే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. ఎందుకంటే అది నమ్మకం కన్నా ఎక్కువగా దుఃఖం.

"నువ్వు కూడా మాతో రా అమ్మా. మేము ఒక్కళ్ళమే వెళ్తే కదా నీకు భయం!" అన్నాను. కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఆ విధంగా ఈస్టరుకు ముందు శ్రమల దినాలలో ఒక శనివారం, తెల్లవారక ముందే మేము ఐదుగురం ఎలమంచిలి నుంచి ఆటోలో బయలుదేరాం. నేను, నా భార్య, ఐదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, సెలవుకు గాజువాక నుంచి వచ్చిన నా మేనల్లుడు, మా అమ్మ. నా స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న బైనాక్యులర్ ఒకటి, ఒక సీసాలో కాఫీ, చపాతీలు, అరటిపళ్ళు. మా మేనల్లుడి నిక్కరు జేబులో ఇంకొక వస్తువు కూడా ఉందని అప్పటికి మాకు తెలియదు.

మేము వెళ్ళింది కొండకర్ల ఆవకు. పక్షుల్ని చూడటానికి.

ఆవ అంటే ఏమిటి?

మన ప్రాంతంలో నీరు నిలిచే లోతట్టు పల్లాన్ని ఆవ అంటారు. గోదావరి వైపు వారికి కూడా ఆవ భూములంటే తెలుసు. కొండకర్ల ఆవ ఎలమంచిలికి, అనకాపల్లికి మధ్య, అచ్యుతాపురం మండలంలో ఉంది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడే వరకు ఇది విశాఖపట్నం జిల్లాలోనిదే. కొల్లేరు తరువాత మన రాష్ట్రంలో రెండవ పెద్ద మంచినీటి సరస్సుగా దీనిని చెప్పుకుంటారు. విశాఖ నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరం. అయినా మన ఇళ్ళలో ఎంతమంది దీనిని చూసి ఉంటారు? నేనే పక్కనున్న ఎలమంచిలిలో ఇరవై ఏళ్ళుగా సైన్సు పాఠం చెబుతూ, మూడేళ్ళ క్రితం వరకు ఇటు తొంగి చూడలేదు.

అచ్యుతాపురం కూడలికి వచ్చేసరికి ఇంకా చీకటిగానే ఉంది. కంపెనీలలో పొద్దుటి షిఫ్టుకు వెళ్ళే కార్మికుల బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. అక్కడి నుంచి హరిపాలెం వైపు మళ్ళాం. బస్సుల హోరు వెనకబడింది. చెరుకు తోటలు, కొబ్బరి చెట్లు, తాటి చెట్లు మొదలయ్యాయి. ఆవ గట్టు మీద దిగేసరికి తూర్పున కొండ అంచు ఎర్రబడుతోంది. నీటి మీద పల్చగా మంచు. నీరు కనబడక ముందే వందల గొంతులు వినబడ్డాయి.

"మావయ్యా, మార్కెట్‌లా ఉంది" అన్నాడు మేనల్లుడు. నిజమే. చేపల మార్కెట్ తెల్లవారుజామున ఎలా ఉంటుందో అలాగే ఉంది.

ఇక్కడి జాలరులు వాడే పడవ కూడా చూడదగినదే. తాటి మొద్దును తొలిచి దోనె చేస్తారు. ఒక్క దోనె బోల్తా కొడుతుంది కాబట్టి రెంటిని పక్కపక్కన కట్టి నడుపుతారు. అలాంటి దోనె మీద ఉన్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి గట్టు దగ్గరకు వచ్చాడు.

"సీతాకాలం ఒచ్చినయి సానా మట్టుకు ఎల్లిపోనాయి బాబూ. ఉన్నయి కూడా నేడో రేపో అన్నట్టున్నాయి. మంచి టయానికే ఒచ్చినారు" అన్నాడు.

నీటికి మెట్లున్నాయి

"నీళ్ళు తగ్గిపోయాయి కదా, పాపం పక్షులకు కష్టం కాదా నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. పెద్దవాళ్ళకు కూడా వచ్చే సందేహమే ఇది. చెరువు నిండా నీళ్ళుంటేనే పక్షులకు మేలని మనం అనుకుంటాం. కాని దోనె తాత చెప్పిన మాట వేరు. "నీరు దిగితేనే పిట్టకు తిండి దొరుకుతాది తల్లీ. నిండా ఉంటే కొంగ ఎక్కడ నిలబడతాది?"

ఆ ఒక్క మాటలో పెద్ద పాఠమే ఉంది. బైనాక్యులర్‌ను చేతులు మార్చుకుంటూ గట్టు నుంచి లోపలికి వరసగా చూశాం. అన్ని పక్షులూ ఒకేచోట తినడం లేదు. నీటి అంచున, తడి బురద మీద, ఉల్లంకి పిట్టలు పరుగెడుతూ సన్నని ముక్కులతో బురదలో పొడుస్తున్నాయి. అక్కడ పురుగులు, చిన్న గుల్లలు వాటికి ఆహారం. ఇంకాస్త లోపల, జానెడు నీటిలో, గుడ్డికొంగలు, తెల్లకొంగలు కదలకుండా నిలబడ్డాయి. గుడ్డికొంగ నిజంగా గుడ్డిది కాదు. మనం దగ్గరకు వెళ్ళేవరకు కదలదని మన పెద్దలు పెట్టిన పేరది. తన మట్టి రంగును నమ్ముకుని అలా కూర్చుంటుంది. ఎగిరిందంటే ఒక్కసారిగా రెక్కలన్నీ తెల్లగా మెరుస్తాయి.

మోకాలి లోతులో నత్తగొట్టు కొంగలు నడుస్తున్నాయి. వాటి ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది. పూర్తిగా మూసినా వెలుతురు కనబడుతుంది. ఆ ముక్కుతోనే నత్తను పట్టి, గుల్లలోంచి మాంసాన్ని లాగి తింటుంది. ఇంకా లోతున నీటికాకులు మునిగి చేపల్ని తరుముతున్నాయి. నీటికాకి ఈకలు నీటిని పీల్చుకుంటాయి. అందుకే అది సులువుగా మునగగలుగుతుంది. కాని పైకి వచ్చాక రెక్కలు చాపి ఎండలో ఆరబెట్టుకోవాలి. ఒక ఎండిన కొమ్మ మీద నాలుగు నీటికాకులు రెక్కలు చాపుకుని కూర్చుంటే, "మన దండెం మీద బట్టల్లా ఉన్నాయి" అంది నా భార్య.

తామరాకుల మీద జకానా పక్షులు నడవటం చూసి మా అమ్మాయి చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. వాటి కాలివేళ్ళు చాలా పొడవు. ఒంటి బరువు ఆకు మీద అంతటా పంచబడటంతో ఆకు మునగదు. వీటి కాపురం కూడా వింతే. వానాకాలంలో తల్లి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ తండ్రి. ఈ సంగతి చెప్పగానే మా ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురూ నా వైపు ఒకేసారి చూశారు!

అప్పుడు పిల్లలకు ఒక సంగతి అర్థమయింది. చెరువు ఒడ్డు ఏటవాలుగా ఉండి, బురద తరువాత జానెడు నీరు, ఆ తరువాత మోకాలి లోతు, ఆ తరువాత నిండు లోతు ఉన్నందువల్లనే ఇన్ని రకాల పక్షులకు ఇక్కడ చోటుంది. ఒకే విందులో పొడవాటి వారికి, పొట్టి వారికి వేరువేరు పీటలు వేసినట్లుంది. ఒడ్డున ఉన్న జమ్ము, తుంగ మనకు చెత్తలా కనబడుతుంది. నీలి ఒళ్ళు, ఎర్రని ముక్కు, ఎర్రని కాళ్ళు ఉన్న కోడిపెట్టంత పక్షి ఒకటి ఆ జమ్ములోంచే తోక ఎగరేస్తూ బయటకు వచ్చింది. అది దాగేదీ, గూడు కట్టేదీ ఆ జమ్ములోనే.

ప్రయాణానికి ముందు భోజనం

నీటి నడుమ దూరంగా ఒక బాతుల గుంపు ఉంది. సూర్యుడు ఎదురుగా ఉండటంతో రంగులు సరిగా తెలియలేదు. మన చెరువులకు శీతాకాలంలో సూదితోక బాతులు, ఇంకా అనేక రకాల బాతులు, ఉల్లంకులు ఉత్తరాది దేశాల నుంచి వస్తాయి. అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చి, మార్చి, ఏప్రిల్ నెలలలో తిరిగి వెళ్తాయి. సైబీరియా నుంచి హిందూ మహాసముద్రం వరకు సుమారు 30 దేశాల మీదుగా సాగే ఈ దారిని శాస్త్రజ్ఞులు మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ఆ దారిలో మన జిల్లా చెరువులు కూడా మజిలీలే.

వెళ్ళేముందు ఈ పక్షులు ఏం చేస్తాయో తెలుసా? తింటాయి. రాత్రింబగళ్ళు తింటాయి. ఒంట్లో కొవ్వు పేరుకునేలా తింటాయి. కొన్ని చిన్న పక్షులు దాదాపు రెట్టింపు బరువుకు వస్తాయి. వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఆ కొవ్వే చద్దిమూట. అందువల్ల వసంత కాలంలో నీరు తగ్గి బురద బయటపడటం వాటికి ఎంత అవసరమో ఆలోచించండి. సరిగ్గా వాటికి ఆకలి ఎక్కువయ్యే నెలలోనే వాటి బల్ల మీద వడ్డన జరుగుతుంది. యిర్మీయా ప్రవక్త తన గ్రంథం 8వ అధ్యాయంలో, కొంగ మొదలైన వలస పక్షులు తమ కాలాన్ని ఎరిగి వస్తాయని, ప్రజలు మాత్రం తమ దేవుని విధిని ఎరుగలేదని విలపించాడు. ఆ ప్రవక్త కూడా ఎప్పుడో ఒక వసంతకాలాన తల ఎత్తి ఆకాశం వైపు చూసి ఉంటాడు.

కాలం ఎరిగిన పక్షి కూడా ఒకనాటికి రాకుండా పోవచ్చు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు ప్రతి శీతాకాలం సైబీరియా కొంగలు వచ్చేవి. 1960లలో వందల సంఖ్యలో ఉండేవి. ఏటేటా తగ్గుతూ వచ్చాయి. దారి పొడుగునా వేట, నీటి పట్టులు తరిగిపోవడం వాటిని దెబ్బతీశాయి. 2002 తరువాత అక్కడికి ఒక్కటి కూడా రాలేదు. చివరగా వచ్చిన జంటను చూసినవారికి అదే చివరిసారి అని తెలిసి ఉండదు. ఈ మాట చెప్పినప్పుడు పిల్లలిద్దరూ చాలాసేపు మాట్లాడలేదు.

గట్టు మీది గుడ్లు

ఎనిమిది గంటలకు ఎండ చురుక్కుమంది. చపాతీలు తిని, గట్టు దిగి, గులకరాళ్ళున్న బీడు మీదుగా ఆటో వైపు నడుస్తున్నాం. అమ్మ నెమ్మదిగా వెనక వస్తోంది. ఉన్నట్టుండి మా తలల మీద తీతువు గొంతెత్తింది. ఒకటి కాదు, రెండు. నల్లని తల, కంటి ముందు ఎర్రని తోలు, పసుపుపచ్చని పొడవాటి కాళ్ళు. తలల మీదకు దూసుకువస్తున్నాయి, మళ్ళీ పైకి లేస్తున్నాయి, గొంతు చించుకుని అరుస్తున్నాయి.

అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆగిపోయింది. ఆ ముఖం చూడగానే మా మేనల్లుడికి ఏమనిపించిందో, నిక్కరు జేబులోంచి ఉండేలు తీశాడు. వంగి ఒక గులకరాయి అందుకున్నాడు.

"అమ్మమ్మా, భయపడకు. దీని సంగతి నేను చూస్తాను."

నేను అరిచేలోగా అమ్మ గొంతు వినబడింది. "ఆగరా! కదలకు. నీ కాళ్ళ దగ్గర చూడు!"

వాడి కుడి కాలికి రెండడుగుల దూరంలో, గులకరాళ్ళ మధ్య చిన్న గుంటలో, నాలుగు గుడ్లున్నాయి. మట్టి రంగు మీద నల్లని మచ్చలు. రాళ్ళలో రాళ్ళలా ఉన్నాయి. వాడు రాయి కోసం వంగినప్పుడు ఇంకొంచెం పక్కకు చెయ్యి వేసి ఉంటే గుడ్డే చేతికి వచ్చేది. వాడు ఊపిరి బిగబట్టి ఒక్కొక్క అడుగు వెనక్కి వేశాడు. మేమంతా నూరు గజాల దూరంలో ఉన్న తాటిచెట్ల వెనక్కి వెళ్ళి కూర్చున్నాం.

తీతువు చెట్టు మీద గూడు కట్టదు. బోడి నేల మీదనే గుడ్లు పెడుతుంది. మార్చి నుంచి ఆగస్టు దాకా దాని పిల్లల కాలం. నాలుగు వారాలు పొదగాలి. పైన గద్ద, కింద పాము, ముంగిస, కుక్క, పశువుల గిట్టలు, మన కాళ్ళు. దానికి ఉన్న ఆయుధం గొంతు ఒక్కటే. రాత్రిపూట కూడా నిద్రపోకుండా కాపలా కాస్తుంది. ఏ అలికిడి వినబడ్డా లేచి అరుస్తుంది.

పది నిమిషాలకు అరుపులు ఆగాయి. ఒక పక్షి నీటి అంచుకు వెళ్ళి, పొట్ట తడిసేలా కూర్చుని లేచింది. నేరుగా గూటికి పోకుండా, అక్కడక్కడ ఆగుతూ, చుట్టూ చూసుకుంటూ వచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఎండకు గుడ్లు కాలిపోకుండా తన పొట్ట ఈకల తడితో వాటిని చల్లబరుస్తోంది. బైనాక్యులర్‌ను అమ్మ కళ్ళకు పెట్టాను. మొదట ఆమెకు ఏమీ కనబడలేదు. తరువాత కనబడింది. ఎంతసేపు చూసిందో! కాఫీ చల్లారిపోయింది.

"పిల్లల కోసం అరుస్తోందిరా ఇది" అంది చివరకు. "మన కోసం కాదు."

కాసేపాగి, ఎవరినీ చూడకుండా, తనలో తాను అనుకుంటున్నట్లు చెప్పింది. "ఆ రాత్రి మీ నాన్నకు నొప్పి వచ్చిందని అందరం లేచాం. కారు కోసం నువ్వు వెనక స్థలంలోంచి పరుగెత్తావు. పక్కింటి వాళ్ళు టార్చిలైట్లు పట్టుకుని వచ్చారు. ఆ స్థలంలో దీని గుడ్లుండే ఉంటాయి."

నాకు నోట మాట రాలేదు. ఏడేళ్ళుగా మేము వరసను తిరగేసి గుర్తుపెట్టుకున్నాం. పిట్ట అరిచినందుకు నాన్నగారు పోలేదు. నాన్నగారి కోసం మేము పరుగెత్తినందుకు పిట్ట అరిచింది.

ఉండేలు నుంచి పుస్తకం వరకు

మా మేనల్లుడు ఉండేలును చేతిలో పట్టుకుని తలవంచుకుని కూర్చున్నాడు. వాణ్ణి తిట్టాలనిపించలేదు. సలీం అలీ కథ చెప్పాను. 1896లో బొంబాయిలో పుట్టిన సలీం అలీ చిన్నప్పుడు బొమ్మ తుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపుపచ్చని మచ్చ చూసి, ఇది మామూలు పిచ్చుక కాదే అని అనుమానం వచ్చి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకువెళ్ళాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిల్లవాణ్ణి మందలించి పంపకుండా, గదులన్నీ తిప్పి భద్రపరచిన పక్షులను చూపించాడు. ఆ పిల్లవాడే పెరిగి భారతదేశపు పక్షుల గురించి ప్రపంచానికి తెలియజేసిన శాస్త్రజ్ఞుడయ్యాడు. 1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం ఇప్పటికీ ముద్రణ పొందుతోంది. తన ఆత్మకథకు కూడా ఆయన ఆ పిచ్చుక పతనాన్నే పేరుగా పెట్టుకున్నాడు. 1987లో కన్నుమూశాడు.

"ఆయన తుపాకి తరువాత ఏం చేశాడు మావయ్యా?" అన్నాడు వాడు.

"ముందు నువ్వు దీన్ని ఏం చేస్తావో చెప్పు" అంది నా భార్య. వాడు రబ్బరు విప్పి జేబులో వేసుకుని, కర్రను పొదలోకి విసిరేశాడు.

అడవి పక్షులను చంపడం, వాటి గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, దారిలో చెట్టు మీద గాని నేల మీద గాని పక్షి గూడు కనబడితే తల్లిని పిల్లలతో కూడా పట్టుకోవద్దని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఉంది. నేల మీది గూడు అనే మాటను నేను ఎన్నోసార్లు చదివాను. ఆ రోజే అది నాకు కనబడింది.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీదనే గూళ్ళు పెడతాయి. అవి వస్తే మంచి జరుగుతుందని నమ్మి గ్రామస్థులు వాటిని ఇంటి పిల్లల్లా కాపాడుతున్నారు. ఇక్కడ తీతువు వస్తే చెడు జరుగుతుందని రాయి విసురుతున్నాం. మన మంచిచెడ్డలు ఆ పక్షికీ తెలియవు, ఈ పక్షికీ తెలియవు. రెండింటికీ తెలిసింది తమ పిల్లల ఆకలి ఒక్కటే. అయినా తేలినీలాపురం వారిని మెచ్చుకోవాలి. ఏ కారణం చేతనైనా వారు పక్షిని బ్రతకనిచ్చారు.

నగరంలో ఉన్నవారికి

"మాకు ఆవ దూరం" అని విశాఖ, గాజువాక పాఠకులు అనవచ్చు. మీకు దగ్గరలోనే జలాశయాలున్నాయి. కొండల మధ్య ఉన్న ముడసర్లోవను బ్రిటిషువారి కాలంలో నగరానికి మంచినీటి కోసం కట్టారు. 2018లో దాని నీటి మీద 2 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ పలకలు ఏర్పాటు చేశారు. పక్కనే పార్కు ఉంది. పశ్చిమాన మేఘాద్రిగెడ్డ జలాశయం ఉంది. రేవు, ఉక్కు కర్మాగారం ఉన్న ఇంత పెద్ద నగరంలో మన కుళాయి తిప్పితే నీరు వస్తోందంటే ఇలాంటి జలాశయాల చలవే. మార్చి నెలలో వీటి ఒడ్డున కూడా నీరు దిగి బురద బయటపడుతుంది. కొంగలు, లకుముకి పిట్టలు, నీటికాకులు మిమ్మల్ని కూడా నిరాశపరచవు.

అయితే ఒక సంగతి ఆలోచించాలి. ఊళ్ళలో చెరువును బాగుచేయడం అంటే చుట్టూ రాతి గోడ కట్టి, జమ్ము పీకి, సిమెంటు బాట వేసి, దీపాలు పెట్టడం అని మనకు అలవాటయింది. నడవడానికి బాగుంటుంది. కాని నిటారు గోడ కట్టగానే బురద అంచు పోతుంది, జానెడు నీరు పోతుంది, మోకాలి లోతు పోతుంది. మిగిలేది నిండు లోతు ఒక్కటే. అక్కడ నీటికాకి బతుకుతుంది, ఉల్లంకి బతకదు. మనం మెట్లు తీసేసి, మేడ మీదకు ఎవరూ రావడం లేదేమని ఆశ్చర్యపోతున్నాం.

అలాగని చెరువును గాలికి వదిలేయడమూ కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క నీటిని కప్పేస్తే లోపలికి వెలుతురు, గాలి అందవు. చేపలు చస్తాయి. దాన్ని తీయవలసిందే. మురుగును, ప్లాస్టిక్‌ను ఆపవలసిందే. జమ్ముకూ గుర్రపుడెక్కకూ తేడా తెలియాలంటే మాత్రం ముందు ఒడ్డున నిలబడి చూడాలి. చెరువుల గురించి సభలలో మాట్లాడే అవకాశం మనలో కొందరికి వస్తుంది. ఒక వైపైనా ఒడ్డును ఏటవాలుగా, పచ్చగా వదిలిపెట్టమని అడగండి. అది ఖర్చు లేని పని.

మీరూ వెళ్ళండి

ఫిబ్రవరి రెండవ వారం నుంచి మార్చి చివరి వరకు మంచి కాలం. సూర్యోదయానికి అక్కడ ఉండాలి. తొమ్మిది దాటితే పక్షులు నీడలోకి పోతాయి. ఎరుపు, తెలుపు బట్టలు వద్దు. ఆకుపచ్చ, మట్టి రంగులు మేలు. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడితే రంగులు తెలుస్తాయి. సెల్‌ఫోన్‌లో పక్షి కూతలు వినిపించి వాటిని పిలవకండి. గూటిలో ఉన్న తల్లి కంగారుపడుతుంది. గులకరాళ్ళ నేల మీద కాలు చూసి వేయండి. పిల్లల చేతికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. ముక్కు ఎలా ఉంది, కాళ్ళు ఏ రంగు, ఎంత లోతు నీటిలో నిలబడింది, ఏం తింటోంది అని రాయమనండి. పేరు తరువాత వస్తుంది. చిన్నపిల్లల్ని దోనె ఎక్కించేటప్పుడు జాగ్రత్త. తెచ్చుకున్న కాగితాలు, సంచులు తిరిగి ఇంటికి తీసుకుపోండి.

సండే స్కూలు టీచర్లకు ఒక మాట. కొండమీది ప్రసంగంలో పక్షులను చూడమని ప్రభువు చెప్పిన చోటును మనం పిల్లల చేత కంఠతా చెప్పిస్తాం. ఒక్క శనివారం నిజంగానే చూపిద్దాం.

ఆ రాత్రి మా ఇంట్లో ప్రార్థన అయ్యాక మళ్ళీ వెనక స్థలంలో తీతువు అరిచింది. మేమంతా అమ్మ వైపు చూశాం. ఆమె లేచి, పెరటి తలుపు తీసి, చీకట్లోకి తొంగి చూసింది.

"కుక్క తిరుగుతున్నట్టుందిరా. వెళ్ళి దాన్ని తోలిరా. లైటు వెయ్యకు. చూసి అడుగు వెయ్యి" అంది మా మేనల్లుడితో.

వాడు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. కాసేపటికి అరుపు ఆగిపోయింది.